లోహజంఘ

పోగొట్టుకొన్న అవయవాన్ని తిరిగి పొందాలన్న కోరిక మానవునికి ఈనాడు కలిగినది కాదు. ఋగ్వేదం ప్రథమ మండలంలోని 116వ సూక్తంలో విశ్పల అనే వీరవనిత కథ సూచనప్రాయంగా కనిపిస్తుంది. ఖేలుడనే రాజు పక్షాన జరిగిన పోరులో, రాత్రివేళ, ఆమె కాలు తెగిపోయింది. దేవవైద్యులైన అశ్వినీదేవతలు తత్క్షణమే లోహంతో చేసిన జంఘను ఆమెకు అమర్చారు. ఆమె మళ్లీ కదనరంగానికి కదలింది. విశ్పల స్త్రీ కాదనీ, పందెపు గుర్రమనీ ఊహించిన పాశ్చాత్య పండితులు కూడా ఉన్నారు. ఆ చర్చ అలా ఉంచుదాం. ఆ లోహజంఘ శరీరానికి ఎలా అతికింది? నడిచేటప్పుడు ఒరుసుకొని పుండు పడలేదా? పరుగెత్తడానికి దానికి శక్తి ఎక్కడినుంచి వచ్చింది? ఈ విషయాలేవీ సూక్తం చెప్పదు. దేవతలు చేసిన పనికి ఇటువంటి సందేహాలు అవసరం లేదు. మనుషులు చేయబూనిన పనికి మాత్రం ఇవే అసలైన ప్రశ్నలు. వీటిని విద్యార్థిదశలోనే ఒక్కొక్కటిగా ఎత్తుకొని, తన శరీరాన్నే ప్రయోగశాలగా చేసుకొని సమాధానాలు వెదికిన అమెరికన్ ఇంజనీరు హ్యూ హెర్.

హెర్ 1964 అక్టోబరు 25న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాంకాస్టర్‌లో జన్మించాడు. ఐదుగురు సంతానంలో కడపటివాడు. పసితనంలోనే పర్వతారోహణ అతనికి వ్యసనమైంది. ఎనిమిదేళ్ల వయసులో కెనడాలోని రాకీ పర్వతశ్రేణిలో 11,627 అడుగుల ఎత్తుగల టెంపుల్ శిఖరాన్ని ఎక్కాడు. పదిహేడేళ్లు వచ్చేసరికి దేశంలోని మేటి శిలారోహకులలో ఒకడుగా పేరుపొందాడు. బడిచదువు మీద మాత్రం అతనికి మక్కువ లేదు. పుస్తకంలోని పుట కంటే బండరాతి మీది పగులు అతనికి స్పష్టంగా చదవవచ్చేది. ఏ పగులులో వేలు పట్టుతుందో, ఏ అంచు మీద బొటనవేలు నిలుస్తుందో చూడగానే చెప్పగలిగేవాడు. ఆ బాలుడు ముందుముందు రెండు మహావిద్యాలయాల పట్టాలు పుచ్చుకొంటాడని అప్పట్లో ఎవరూ అనుకొని ఉండరు.

1982 జనవరిలో హెర్ ఒక మిత్రునితో కలసి న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని వాషింగ్టన్ పర్వతానికి వెళ్లాడు. దాని ఎత్తు 6,288 అడుగులే అయినా శీతకాలంలో అది మృత్యుముఖం వంటిది. 1934 ఏప్రిల్‌లో ఆ శిఖరం మీద గంటకు 372 కిలోమీటర్ల వేగంతో గాలి వీచినట్లు అక్కడి వాతావరణ పరిశీలనశాల నమోదు చేసింది. మిత్రులిద్దరూ హంటింగ్టన్ లోయలోని మంచుగోడను ఎక్కడం ముగించారు. అప్పుడే వెనుదిరిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. శిఖరం దగ్గరలోనే ఉన్నదన్న ఆశ వారిని మరికొంత ముందుకు లాగింది. ఇంతలో మంచుతుఫాను కమ్ముకొంది. చేయి చాచితే వేళ్లు కనిపించని ఆ తెల్లని చీకటిలో వారు దారితప్పి, పర్వతానికి అవతలి వైపున ఉన్న గ్రేట్ గల్ఫ్ అనే నిర్జన లోయలోకి దిగిపోయారు. సున్నాకు దిగువన 29 డిగ్రీల సెల్సియస్ చలిలో మూడు రాత్రులు గడిపారు. చివరకు మంచుమీద నడకకు వచ్చిన ఒక మహిళ అడుగుజాడలు చూసి వారిని కనుగొన్నది.

ఈలోపల ఒక ఘోరం జరిగిపోయింది. ఆ కుర్రవాళ్లను వెదకడానికి బయలుదేరిన స్వచ్ఛంద రక్షకులలో ఆల్బర్ట్ డౌ అనే 28 ఏళ్ల యువకుడు ఉన్నాడు. వెదకులాటలో ఉండగా కొండచరియ నుంచి మంచు విరిగిపడి అతడు మరణించాడు. తాను ఎన్నడూ చూడని ఇద్దరి కోసం ప్రాణం విడిచాడు. కాళ్లు పోయిన సంగతి కంటే ఈ వార్త హెర్‌ను ఎక్కువగా కుంగదీసింది. బాకీపడినది మరొకరి ప్రాణం. తీర్చుకోవడానికి అప్పు ఇచ్చినవాడు లేడు. తరువాతి కాలంలో తన పరిశోధన గురించి మాట్లాడిన సందర్భాలలో హెర్ ఈ పేరును స్మరిస్తూనే వచ్చాడు.

వైద్యులు వారాల తరబడి శ్రమించినా, చలికి రక్తప్రసారం నిలిచిపోయి మృతమైన కణజాలం తిరిగి కోలుకోలేదు. రెండు కాళ్లనూ మోకాళ్ల దిగువన తొలగించవలసి వచ్చింది. ఇకమీద కొండలెక్కడం సాధ్యం కాదని వైద్యులు తేల్చి చెప్పారు. ఆనాడు దొరికిన కృత్రిమ పాదాలను చూస్తే వారి మాటలో తప్పేమీ లేదు. అవి కదలిక లేనివి. ఆకృతిలో పాదాన్ని పోలి ఉండేవి, అంతే. అయితే హెర్ వాటిని చూసిన చూపు వేరు. లోపం తన శరీరంలో ఉన్నదని అతడు ఒప్పుకోలేదు. తనకు ఇచ్చిన పరికరం కుంటిది, తాను కాదు అనుకొన్నాడు. ఇది ధైర్యం చెప్పుకోవడానికి అనుకొన్న మాట అయితే అక్కడితో ఆగిపోయేది. హెర్ విషయంలో అది ఇంజనీరు చేసిన రోగనిర్ధారణ అయింది. పరికరంలో లోపమున్నప్పుడు దానిని విప్పి చూడవచ్చు, మార్చవచ్చు, మళ్లీ బిగించవచ్చు.

యంత్రశాలలో లోహాన్ని కోయడం, మలచడం అతనికి ముందే తెలుసు. ఆ నేర్పుతోనే తన మొదటి పాదాలను తానే తయారుచేసుకోసాగాడు. ఇక్కడ అతనికి తట్టిన ఆలోచన సామాన్యమైనది కాదు. కృత్రిమ పాదం మనిషి పాదంలాగానే ఎందుకు ఉండాలి? బండకు మడమ అక్కరలేదు, అయిదు వేళ్లూ అక్కరలేదు. నాణెం మందాన ఉన్న రాతి అంచు మీద నిలబడాలంటే ముందుభాగం వంగకుండా గట్టిగా ఉంటే చాలు. కనుక రాళ్ల కోసం చిన్నవి, బిగువైనవి అయిన పాదాలు చేసుకొన్నాడు. మంచుగోడల కోసం టైటానియం ముళ్లు గల పాదాలు చేసుకొన్నాడు. కాళ్ల పొడవును అవసరాన్ని బట్టి మార్చుకొనే ఏర్పాటు కూడా చేసుకొన్నాడు. దానితో అతని ఎత్తు 5 అడుగుల నుంచి 8 అడుగుల వరకు మారగలిగేది. అందని పట్టు అందేది. ప్రమాదం జరిగిన కొద్ది నెలల్లోనే మళ్లీ బండల మీద కనిపించిన హెర్, క్రమంగా ప్రమాదానికి ముందుకంటే కఠినమైన మార్గాలను అధిరోహించాడు. మొదట జాలిపడిన తోటి ఆరోహకులలో కొందరు, ఇతనికి లేని అవకాశం కలిసివచ్చిందని గొణగడం మొదలుపెట్టారట. జాలి అసూయగా మారడం కంటే గొప్ప కితాబు ఒక ఆవిష్కర్తకు మరేముంటుంది!

కొండ మీద ఇంత సులువుగా తిరిగినవాడు నేలమీద నడవడానికి బాధపడేవాడు. ఇది వింతగా తోచవచ్చు. ఆరోహణలో శరీర భారాన్ని చేతులు పంచుకొంటాయి, అడుగులు కొద్ది. నడకలో వేల అడుగులు పడతాయి. ప్రతి అడుగులోనూ శరీరపు బరువంతా తెగిన కాలి చివర ఉన్న మెత్తని చర్మం మీద, దానికి తొడిగిన గట్టి గిన్నె వంటి సాకెట్ మీద పడుతుంది. పైగా మోకాలి కింద మిగిలిన భాగం శిల కాదు, మాంసం. పొద్దున ఉన్న పరిమాణంలో సాయంత్రం ఉండదు. ఒంటిలోని ద్రవాల కదలికను బట్టి ఉబ్బుతుంది, తగ్గుతుంది. సాకెట్ మాత్రం మారదు. ఉదయం సరిపోయినది సాయంత్రానికి వదులై ఒరుసుకొంటుంది, లేదా బిగుసుకొని నొక్కుతుంది. ఫలితం పుండ్లు, కమిలిన చర్మం, ఒక్కొక్కసారి రోజుల తరబడి మంచం పట్టడం. కృత్రిమ అవయవాలు ధరించే ఎవరిని అడిగినా మొదట చెప్పే కష్టం ఇదే.

పాదాలు మలచడానికి చేతినేర్పు చాలింది. ఈ చిక్కుకు అది చాలలేదు. ఏ చోట ఎంత ఒత్తిడి పడుతున్నదో లెక్కకట్టాలి. లెక్కకట్టాలంటే చదవాలి. ఈ అవసరమే హెర్‌ను తరగతి గదికి నడిపించింది. సొంత ఊరికి దగ్గరలో ఉన్న మిల్లర్స్‌విల్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం విద్యార్థిగా చేరాడు. బడిలో లెక్కలంటే పెడమొగం పెట్టినవాడు ఇక్కడ గణితాన్ని కొండను పట్టినట్లు పట్టాడు. అక్కడ చదువుతున్న కాలంలోనే బారీ గాస్త్నియన్ అనే కృత్రిమాంగ నిపుణునితో కలసి కొత్తరకం సాకెట్‌ను రూపొందించాడు. దాని లోపలి గోడలలో గాలితో ఉబ్బే సంచులు ఉంటాయి. కాలు సన్నబడినప్పుడు గాలి నింపుకోవచ్చు, ఉబ్బినప్పుడు తగ్గించుకోవచ్చు. గట్టి గిన్నె స్థానంలో పట్టు మార్చుకోగల దిండు వచ్చిందన్నమాట. 1990లో ఈ నిర్మాణానికి పేటెంటు లభించింది. అదే ఏడాది హెర్ పట్టభద్రుడయ్యాడు. విద్యార్థి చేసిన ప్రాజెక్టు పరీక్షాధికారి సంతకంతో అటక ఎక్కడం లోకంలో మామూలు. ఈ ప్రాజెక్టును తయారుచేసిన విద్యార్థి దానిని తొడుక్కొని ఇంటికి నడిచిపోవాలి. తేడా అక్కడ ఉన్నది.

ఒరపిడి సమస్య కొంత తీరింది. మిగిలినది కదలిక. దానికోసం హెర్ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, అంటే లోకంలో ఎం.ఐ.టి. అని ప్రసిద్ధికెక్కిన సంస్థలో మెకానికల్ ఇంజనీరింగు చదివి 1993లో స్నాతకోత్తర పట్టా పొందాడు. ఆ రోజుల్లో అతని దృష్టి స్ప్రింగు మీద నిలిచింది. పరుగెత్తేవారి పాదం నేలను తాకినప్పుడు వృథా అయ్యే శక్తిని పట్టి ఉంచి, లేచేటప్పుడు తిరిగి ఇచ్చే స్ప్రింగు పాదరక్షలనూ, కృత్రిమ పాదాలనూ రూపకల్పన చేశాడు. ఆ తరువాత హార్వర్డు విశ్వవిద్యాలయంలో జీవభౌతికశాస్త్రంలో పరిశోధనకు చేరాడు. అక్కడ అతనికి లభించిన గురువు టామస్ మక్‌మాన్. జంతువుల కాళ్లు స్ప్రింగుల వలె పనిచేస్తాయన్న సత్యాన్ని లెక్కలతో నిరూపించిన పండితుడాయన. నవలలు కూడా వ్రాశాడు. 1970లలో హార్వర్డు ఆటస్థలంలో ఆయన లెక్కల ప్రకారం నిర్మించిన పరుగుబాట ప్రసిద్ధమైనది. నేల మరీ గట్టిగా ఉన్నా, మరీ మెత్తగా ఉన్నా వేగం తగ్గుతుందనీ, మనిషి కాలి బిగువుకు తగినంత సాగుడు గుణం నేలకు ఉంటే వేగం పెరిగి గాయాలు తగ్గుతాయనీ ఆ బాట మీద పరుగెత్తినవారు రుజువు చేశారు.

హెర్ పరిశోధనకు ఎంచుకొన్న జీవి గుర్రం. కాళ్లు లేని మనిషి నాలుగు కాళ్ల జంతువును అధ్యయనం చేయడమేమిటని సందేహించనక్కరలేదు. గుర్రం దౌడు తీసేటప్పుడు దాని కాళ్లు శక్తిని దాచుకొని తిరిగి ఇచ్చే తీరులో నడకకూ, పరుగుకూ సంబంధించిన మూలసూత్రాలు ఉన్నాయి. కంప్యూటరులో ఒక గుర్రపు నమూనాను నిర్మించి, కొద్దిపాటి నియమాలతో అది తూలిపోకుండా పరుగెత్తగలదని హెర్ చూపాడు. 1998లో అతనికి డాక్టరేటు లభించింది. గురుశిష్యుల పేర్లతో దుడికి నడక గుర్రం గురించిన పత్రం 2000లోనూ, దౌడు గుర్రం గురించిన పత్రం 2001లోనూ వెలువడ్డాయి. అప్పటికి గురువు కీర్తిశేషుడు. విశ్పలను గుర్రమన్న పండితులకు ఈ సంగతి తెలిస్తే సంతోషించేవారేమో.

ఎం.ఐ.టి.లో లెగ్ ల్యాబ్ అని ఒక ప్రయోగశాల ఉండేది. కాళ్లతో కదిలే యంత్రాల కోసమే ఏర్పడినది. దానిని 1980లో మార్క్ రైబర్ట్ అనే శాస్త్రవేత్త కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్థాపించి, తరువాత ఎం.ఐ.టి.కి తరలించాడు. అక్కడ పుట్టిన మొదటి యంత్రాలలో ఒకటి ఒంటికాలిది. నిలబడితే పడిపోతుంది; కనుక గెంతుతూనే ఉండాలి. ఎంత ఎత్తు గెంతాలి, పాదాన్ని ఎక్కడ మోపాలి, ఒళ్లు నిటారుగా ఎలా ఉంచాలి అన్న మూడు నియమాలే దాని సర్వస్వం. ఆ ఒంటికాలి యంత్రాన్ని చూసి నవ్వుకొన్నవారు ఉండే ఉంటారు. కాని బొమ్మల్లా కనిపించే ఇటువంటి యంత్రాల నుంచే వైద్యానికి పనికివచ్చే మేలైన ఆలోచనలు పుట్టాయి. రైబర్ట్ తరువాత ఆ ప్రయోగశాలను నడిపిన గిల్ ప్రాట్, అప్పటి విద్యార్థి మాథ్యూ విలియమ్సన్ 1995లో ఒక కొత్త అమరికను ప్రతిపాదించారు. అంతవరకు మరచేతులలోనూ, మరకాళ్లలోనూ మోటారును కీలుకు గట్టిగా బిగించేవారు. వీరు మోటారుకూ, కీలుకూ మధ్య బుద్ధిపూర్వకంగా ఒక స్ప్రింగును ఉంచారు. గట్టిదనమే యంత్రానికి గుణమని నమ్మిన ఇంజనీర్లకు ఇది విపరీతంగా తోచింది. అయితే ఆ స్ప్రింగు నేల తాకిడిని మింగుతుంది, ఎంత సాగిందో కొలిస్తే ఎంత బలం పడుతున్నదో తెలుస్తుంది, శక్తిని నిలవచేసుకొంటుంది. మన శరీరంలో కండరానికీ, ఎముకకూ మధ్య స్నాయువు చేసే పని కూడా ఇదే.

డాక్టరేటు పొందిన హెర్ ఈ వాతావరణంలో అడుగుపెట్టారు. ఇక్కడినుంచి ఆయన పరిశోధకులు, ఆచార్యులు. ప్రాజెక్టులు చేసేది ఆయన శిష్యులు. మొదట చేపట్టినది మోకాలు. హెర్‌కు సొంత మోకాళ్లు రెండూ ఉన్నాయి. ఆ పరికరం ఆయనకు అక్కరకు వచ్చేది కాదు. తన నొప్పితో మొదలైన పని ఇతరుల నొప్పి వైపు మళ్లిన ఘట్టం ఇది. విద్యార్థి ఆరీ విల్కెన్‌ఫెల్డ్‌తో కలసి తయారుచేసిన ఆ మోకాలిలో పలుచని ఉక్కు బిళ్లల నడుమ నూనె ఉంటుంది. నూనెలో సూక్ష్మమైన ఇనుప రేణువులు కలిపి ఉంటాయి. విద్యుత్తు ప్రసరించి అయస్కాంత క్షేత్రం ఏర్పడగానే ఆ రేణువులు గొలుసుకట్టుగా నిలిచి నూనె చిక్కబడుతుంది, మోకాలు బిగుసుకొంటుంది. క్షేత్రం తొలగగానే పలుచబడి మోకాలు వదులవుతుంది. కనురెప్పపాటు కంటే తక్కువ కాలంలో జరిగే మార్పు ఇది. కాలి కోణాన్నీ, దానిపై పడే బలాన్నీ సెకనుకు వెయ్యిసార్లు కొలిచే సాధనాలు ఎప్పుడు బిగియాలో, ఎప్పుడు వదులు కావాలో నిర్ణయిస్తాయి. ధరించినవారి నడక తీరును యంత్రమే గమనించి తనను తాను సరిచేసుకోవడం దీని ప్రత్యేకత. ఐస్‌లాండుకు చెందిన ఓసుర్ సంస్థ దీనిని విపణిలోకి తెచ్చింది. 2004లో టైమ్ పత్రిక ఆ ఏటి మేటి ఆవిష్కరణలలో దీనిని చేర్చింది. ఇదే కాలంలో పక్షవాతం వంటి వ్యాధుల వల్ల పాదం పైకి లేవక నేలకు తగిలిపోయేవారి కోసం, చీలమండ దగ్గర అమర్చే మోటారు కట్టును మరొక విద్యార్థితో కలసి రూపొందించారు.

అసలు చిక్కు చీలమండలో ఉన్నది. నడిచే మనిషి కాలిని ఒకసారి గమనించాలి. ముందు మడమ నేలను తాకుతుంది. శరీరం ముందుకు ఒరుగుతుంది. చివరకు మడమ లేచి, వేళ్ల మొదళ్లు నేలను వెనుకకు తన్నుతాయి. ఆ తన్నుకు బలాన్ని ఇచ్చేది పిక్క కండరం. నడకకు కావలసిన చోదకశక్తిలో సింహభాగం ఇక్కడే పుడుతుంది. స్ప్రింగు పాదం ఎంత మేలైనదైనా, తాను పుచ్చుకొన్నదాని కంటే ఎక్కువ తిరిగి ఇవ్వలేదు. ఉన్న అప్పు తీర్చగలదు, కొత్తగా సంపాదించలేదు. అందువల్ల మోకాలి దిగువన కాలు కోల్పోయినవారు సాధారణ పాదంతో నడిచేటప్పుడు ఇతరుల కంటే నూటికి 10 నుంచి 30 వంతులు అధికంగా శక్తిని వెచ్చిస్తారు. అయినా నెమ్మదిగానే నడుస్తారు. తుంటి, నడుము, రెండవ కాలు ఆ లోటును పూడుస్తూ అలసిపోతాయి.

పిక్క చేసే పనిని మోటారు చేయాలి. కాని అంత పెద్ద తన్నును అర సెకనులోపున ఇవ్వగల మోటారు బరువుగా ఉంటుంది. కాలికి కట్టుకొని నడవడం కష్టం. ఇక్కడ ప్రాట్ ప్రయోగశాలలోని స్ప్రింగు అక్కరకు వచ్చింది. ఉండేలును తలచుకొంటే ఈ కిటుకు తేలికగా బోధపడుతుంది. చేతితో రాయిని విసిరితే పోయే దూరం కొంత. అదే చేతితో రబ్బరును నెమ్మదిగా లాగి వదిలితే రాయి దూసుకుపోతుంది. చేతిబలం పెరగలేదు, కొద్దికొద్దిగా కూడబెట్టిన బలం ఒక్కసారిగా వెలువడింది. ఈ కృత్రిమ చీలమండలో చిన్న మోటారు, శరీరం పాదం మీదుగా ముందుకు ఒరిగే వ్యవధిలో స్ప్రింగును లాగి పెడుతుంది. మడమ లేచే క్షణంలో స్ప్రింగు, మోటారు కలసి తన్నుతాయి. హెర్ వద్ద పరిశోధన చేసిన ఒక విద్యార్థి దీని మీదనే 2007లో డాక్టరేటు సంపాదించాడు. ఆ ఏడాదే హెర్ స్వయంగా దానిని ధరించి బహిరంగంగా నడిచి చూపించారు. అంతకుముందు పాతిక సంవత్సరాలుగా తన శరీరాన్ని తానే మోసుకొన్న మనిషిని, మొదటిసారిగా ఆ పాదాలు ముందుకు నెట్టాయి.

ప్రదర్శనకు చప్పట్లు కొట్టడం వేరు, కొలతకు నిలవడం వేరు. 2012లో ప్రచురితమైన అధ్యయనంలో హెర్, అలీనా గ్రబోవ్‌స్కీ ఈ పాదాన్ని మామూలు స్ప్రింగు పాదంతో పోల్చారు. వెచ్చించే శక్తి సగటున నూటికి 8 వంతులు తగ్గింది. మనసుకు నచ్చిన నడక వేగం 23 వంతులు పెరిగింది. కాళ్లున్నవారి నడకతో దాదాపు సమానమైంది. పాల్గొన్నవారి సంఖ్య చిన్నదే. కాని ఇటువంటి సమానత్వం అంతకు మునుపు ఏ పరికరంతోనూ నమోదు కాలేదు. 2013లో బోస్టన్ మారథాన్ వద్ద జరిగిన బాంబు పేలుళ్లలో ఎడమపాదం కోల్పోయిన నర్తకి ఏడ్రియన్ హాస్లెట్ కోసం హెర్ బృందం నాట్యానికి తగిన కదలికలను అధ్యయనం చేసి ప్రత్యేక పాదాన్ని నిర్మించింది. 2014 మార్చిలో వాంకూవర్‌లోని ఒక వేదిక మీద ఆమె రుంబా నృత్యం చేసింది. నటరాజు ఎత్తిన పాదాన్ని కొలిచే మనకు, మోపిన పాదం విలువ ఆ రోజు తెలిసింది.

ఆ వేదిక మీదనే హెర్, వైకల్యం మనిషిలో లేదనీ, సాంకేతికత అసంపూర్ణంగా ఉండడమే వైకల్యమనీ, ఈ శతాబ్దంలో దానిని అంతం చేయవచ్చుననీ ప్రతిపాదించారు. ఈ మాటను యథాతథంగా స్వీకరించనివారు కూడా ఉన్నారు. వారిలో వికలాంగులే ఎక్కువ. మెట్లకు బదులు వాలుదారి కట్టితే తీరే కష్టాలు ఎన్నో ఉన్నాయి. వాటికి రోబో పాదం అక్కరలేదు. ధర మరొక అడ్డంకి. శక్తినిచ్చే ఈ పాదాలు పదుల వేల డాలర్లు పలుకుతాయి. అమెరికాలో సైతం బీమా సంస్థలు సులువుగా ఒప్పుకోవు. కృత్రిమ పాదం అవసరమైనవారిలో అధికులు దీనిని కొనలేరు. హెర్ మొదలుపెట్టిన సంస్థ తరువాత బయోనిక్స్‌గా పేరు మార్చుకొని, 2017లో జర్మనీకి చెందిన ఓటోబాక్ సంస్థలో కలిసిపోయింది. పరిశోధన సాధించిన విజయానికీ, జనసామాన్యానికి అందడానికీ నడుమ ఉన్న దూరం ఇంకా నడవవలసినదే. ఈ విషయంలో విమర్శకుల పక్షమే బలమైనదిగా తోస్తుంది.

అయినప్పటికీ ఆ పాదంలో ఒక కొరత మిగిలింది. అది నడిపిస్తుంది, కాని ధరించినవారికి తెలియదు. కళ్లు మూసుకొని కూడా మన పాదం ఏ కోణంలో ఉన్నదో మనం చెప్పగలం. జంటలుగా ఉండే కండరాలలో ఒకటి ముడుచుకొన్నప్పుడు రెండవది సాగుతుంది. ఆ సాగుడు వార్తను నాడులు మెదడుకు చేరవేస్తాయి. మామూలు శస్త్రచికిత్సలో కాలు తీసివేసేటప్పుడు ఈ జంటలు తెగిపోతాయి. 1982లో హెర్‌కు జరిగినది ఆ పాత పద్ధతే. తెగిన జంటలను కాలి లోపలే తిరిగి ముడివేస్తే మెదడుకు ఆ వార్త మళ్లీ అందుతుందని హెర్ బృందం ఊహించింది. బోస్టన్‌లోని శస్త్రచికిత్సకుడు మాథ్యూ కార్టీ 2016లో తొలిసారి ఒక రోగికి ఈ పద్ధతిలో కాలు తొలగించాడు. ఆ రోగి పేరు జిమ్ యూయింగ్. ఇంజనీరు, హెర్‌కు కొండలెక్కే రోజులనాటి మిత్రుడు. కేమన్ దీవులలో శిలారోహణ చేస్తూ జారిపడి పాదం చెడిపోయినవాడు. ఆ శస్త్రచికిత్సకు అతని పేరే పెట్టారు. కొత్త పాదాన్ని తన మనసుతో కదిలించగలిగిన యూయింగ్, పడిపోయిన ఆ కొండకే తిరిగి వెళ్లి ఎక్కాడు.

2024 జులైలో ఈ పద్ధతి మీద ఒక అధ్యయనం వెలువడింది. పధ్నాలుగురు పాల్గొన్నారు. ఏడుగురికి కొత్త శస్త్రచికిత్స, ఏడుగురికి పాతది. ఇద్దరికీ ధరింపజేసినది ఒకే రకమైన రోబో పాదం. కండరాల జంటలు నిలిచినవారు పాతవారి కంటే నూటికి 41 వంతులు అధిక వేగంతో నడవగలిగారు. మెట్లెక్కారు, వాలులో దిగారు, దారిలో ఉంచిన అడ్డంకిని దాటారు. ఆ అడ్డంకిని దాటేటప్పుడు పాదం కొనను ఎంత పైకి ఎత్తాలో ఏ కంప్యూటరూ వారికి నిర్ణయించి ఇవ్వలేదు.